తెరిచి ఉంచిన వాల్వు

జనవరి 6

బండి నిలిపాము. ఇంటిబండ్ల పార్కులో పడమటి చివరి వరుస మాది. కిటికీ తీస్తే ముళ్ళపొదలు, గులకరాళ్ళు, వాటి వెనుక ఊదారంగు కొండలు. ఇంటిబండిలో చలికాలం గడపడానికి ఈ ఎడారికి వచ్చేవారంతా ఎండ కోసం వస్తారు. మేము ఆసుపత్రి కోసం వచ్చాము.

డాక్టరమ్మ నిన్న చెప్పిన మాటలు రాసి ఉంచుకొంటున్నాను. మందు ఎక్కించినన్నాళ్ళూ సిగ్రిడ్ బరువు తగ్గకూడదు. నీళ్ళు ధారాళంగా తాగాలి. మూత్రపిండాలు ఎండితే మందు ఆపవలసి వస్తుంది. మందు ఆపితే గడ్డ పెరగడం ఆగదు. మా చలికాలమంతా ఈ మాటల మీద నిలిచి ఉంది.

మంచినీటి గొట్టం, కరెంటు తీగ, మురుగు గొట్టం అన్నీ స్వయంగా తగిలించాను. మరుగుదొడ్డి కింది తొట్టికి ఉన్న వాల్వును తెరిచే ఉంచాను. పైనుంచి పడినది పడినట్లే పార్కు వారి కాలువలోకి పోతుంది. తొట్టి నిండినప్పుడల్లా తొడుగులు వేసుకొని ఆ గొట్టం దగ్గర వంగవలసిన అగత్యం ఇక లేదు. జీవితమంతా ప్రాచీన భాషలూ ధర్మశాస్త్రమూ బోధించినవాడికి ఆపాటి యుక్తి తోచకపోదు.

మరుగుదొడ్డిలో నీళ్ళు వదిలే పెడల్ సంగతి సిగ్రిడ్‌కు మళ్ళీ చెప్పాను. తొక్కి, వెంటనే వదలాలి. చిన్నప్పుడు డకోటాలో వానలు మొహం చాటేసిన ఏళ్ళలో ఒక్క పళ్ళెం నీళ్ళతో ఇంటిల్లిపాదీ ముఖాలు కడుక్కొనేవాళ్ళం. నీటిని ఊరకే పోనివ్వడం నాకు చేతకాదు.

"తెలుసులే ఆర్విడ్," అంది. "నీతో పెళ్ళైనప్పట్నించీ ఏ కుళాయినీ పూర్తిగా తిప్పిన పాపాన పోలేదు నేను."

మెట్టు పక్కన జెరేనియం పూలమొక్క కుండీ పెట్టుకొంది. ఇంటి నుంచి ఒళ్ళో పెట్టుకొని తెచ్చింది.

జనవరి 14

మరుగుదొడ్డి పూడింది.

పెడల్ తొక్కితే అడుగున రేకు తెరుచుకొంటున్నది గాని ఏదీ కిందికి దిగడం లేదు. సిగ్రిడ్‌ను శాలువా కప్పి బయట కుర్చీలో కూర్చోబెట్టి, తలుపు మూసుకొని, చీపురు కర్రతో పొడిచాను. ఆ పని వివరం రాయను. మధ్యలో రెండుసార్లు లేచి కిటికీ దగ్గర నిలబడవలసి వచ్చింది.

ఎడారిలో గుడారాలు వేసుకొన్న జనానికి పూర్వం బైబిలులో విధించిన ధర్మం ఒకటుంది. ప్రతివాడూ చిన్న పార పట్టుకొని విడిది వెలుపలికి పోవాలి, గుంట తవ్వుకోవాలి, తిరిగి కప్పిపెట్టాలి. ఎందుకంటే దేవుడు ఆ విడిది నడుమ సంచరిస్తూ ఉంటాడు. ఈ భాగం చెప్పేటప్పుడు ఏటా తరగతిలో పిల్లలు నవ్వేవారు. నేను పార అనే మాటకు ధాతువు చెప్పి ముందుకు సాగిపోయేవాడిని.

ప్రార్థనలు చెబుతూ మరణశయ్యల దగ్గర ఎన్నో రాత్రులు కూర్చొన్నాను. రోగుల చేతులు పట్టుకొన్నాను. ఇది మాత్రం పడదు.

జనవరి 15

బాగైంది.

జనవరి 19

మళ్ళీ పూడింది.

పక్క బండిలో లావెర్న్ అనే విధవరాలు ఉంది. నెబ్రాస్కాలో చాలాకాలం బౌలింగ్ శాల నడిపిందట. ఆ బంతుల మోత మీదుగా అరిచి అరిచి అలవాటైన గొంతు. నారింజరంగు కోటు వేసుకొని, చేతిలో కాఫీ కప్పుతో, పిలవకుండానే వచ్చింది.

"ఏం పంతులూ, కంపు మా వంటింటిదాకా వచ్చి పలకరించింది. మళ్ళీ పూడిందా?"

"స్వల్పమైన అవరోధం," అన్నాను.

"స్వల్పమే! నా ముక్కునడుగు, ఎంత స్వల్పమో చెబుతుంది. వాల్వు మూసి ఉంచావా, తెరిచి ఉంచావా?"

నేను గొట్టం బిగింపు చూస్తున్నట్లు వంగాను.

"తెరిస్తే నీళ్ళన్నీ జారిపోతాయయ్యా. మిగతాది పడ్డచోటే కూర్చుంటుంది. ఎండుతుంది, దాని మీద ఇంకోటి పడుతుంది, కొండ కడుతుంది. మూసిపెట్టాలి. నీళ్ళతో నిండనివ్వాలి. అప్పుడు ఒక్కసారి వదిలితే అంతా కొట్టుకుపోతుంది. మా ఆయనా మొదటేడు నీలాగే తెలివి చూపించాడు. ఆ ఏడు నేను ఆయనతో మాట్లాడింది తక్కువ."

"మీ సలహాకు కృతజ్ఞుణ్ణి," అన్నాను.

"కృతజ్ఞత నేనేం చేసుకోను? సరే, ఇంకోటి చెబుతా. సంచెడు ఐసుగడ్డలు అందులో పోసి గతుకుల రోడ్డు మీద తిప్పుకురా. లోపలంతా గీకి పారేస్తుంది."

ఐసుగడ్డల మాట అసంబద్ధమని ఎవరికైనా తెలుస్తుంది. ఒక నోట ఒక అసంబద్ధపు మాట వచ్చినప్పుడు, అదే నోట వచ్చిన మరొక మాటకు విలువ కట్టనక్కరలేదు. నీరు పోయే దారి తెరిచి ఉంచడం కంటె మూసివేయడం మేలని చెప్పే తర్కం నేనెక్కడా చూడలేదు.

దోషం కాగితానిది. సిగ్రిడ్‌తో మృదువుగానే చెప్పాను. "కాగితం కొంచెం చూసి వాడు."

"మందు పడినప్పట్నించీ ఎన్నిసార్లు పరిగెత్తాల్సొస్తోందో నీకు తెలీదు," అంది. మళ్ళీ తనే, "చూసి వాడతాలే," అంది.

జనవరి 22

ఐసు కొన్నాను. ప్రయోగం చేయకుండా కొట్టివేయడం పండితలక్షణం కాదు. పైగా ఐసుతో చేతులు మురికి కావు.

గొట్టాలన్నీ ఊడదీసి, వాల్వు మూసి, ఐసు పోసి, పాత గని దారి మీద బండి నడిపాను. సిగ్రిడ్ టోపీ పెట్టుకొని నా పక్కన ముందు సీటులో కూర్చొంది. కప్పులన్నీ అల్మారాలో గలగలలాడాయి. మా కింద ఐసు దొర్లే చప్పుడు, రాళ్ళ వాగు దాటుతున్నట్లు.

"ఆర్విడ్, మనం ఇప్పుడు దేన్ని షికారుకు తీసుకెళ్తున్నామో ఎవరైనా అడిగితే ఏం చెప్తావు?"

"ఎవరూ అడగరు."

"మన పెళ్ళప్పుడు కూడా నన్నింత దూరం తిప్పలేదు నువ్వు." అని నవ్వింది. కళ్ళు తుడుచుకొని మళ్ళీ నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు. కొండ దగ్గర ఆపి రొట్టె, జున్ను తిన్నాము. ఆమె బాగా తింది. సీసాలో నీళ్ళన్నీ తాగింది.

సాయంకాలానికి తిరిగి వచ్చి గొట్టాలు తగిలించి వాల్వు తెరిచాను.

జనవరి 24

ఐసు పని చేసింది. లావెర్న్‌తో ఆ సంగతి చెప్పవలసి ఉంది. రేపు చెబుతాను.

జనవరి 27

నిన్న మందు ఎక్కించారు. ఈ ఉదయం మరుగుదొడ్డి పూర్తిగా పూడి, నీరు పైకి నిలిచింది. సిగ్రిడ్ పార్కు వారి ఉమ్మడి మరుగుదొడ్లకు నడిచి వెళ్ళవలసి వచ్చింది. అవి కార్యాలయం పక్కన, వరుసలన్నీ దాటి. గాలి ఎదురుగా వీస్తున్నది.

ఆమె అంతదూరం చేరలేకపోయింది.

దారికిరువైపులా జనం కుర్చీలు వేసుకొని ఎండ కాగుతున్నారు. లావెర్న్ తన కోటు విప్పి ఆమె నడుముకు చుట్టింది.

ఉన్ని గౌను నేనే ఉతికాను. ఆరవేశాను.

ఆ తరువాత తలుపు మూసుకొని కర్రతో పనిచేశాను. నాకు డోకు వచ్చింది. చప్పుడు కాకుండా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొన్నాను.

జనవరి 28

ఆ సంగతి మేము మాట్లాడుకోలేదు.

ఫిబ్రవరి 1

శుభవార్త. ఆనాటి నుంచి మరుగుదొడ్డి ఒక్కసారైనా ఇబ్బంది పెట్టలేదు. కాగితం విషయమై నేను చెప్పిన మాట ఫలించింది. ఇంత చిన్న కారణానికి అంత పెద్ద ఉపద్రవం! ఇకమీదట లావెర్న్ గారి కొండల పురాణం వినవలసిన పని లేదు.

సిగ్రిడ్ కడుపు కూడా నెమ్మదించినట్లుంది. మునుపటిలా మాటిమాటికీ లేవడం లేదు. మధ్యాహ్నం రొట్టెముక్క సగం వదిలేసింది. ఆకలి లేదట. ఆ మందుతో అది సహజమని ముందే చెప్పారు.

జెరేనియం మొగ్గ తొడిగింది. ఈ పొడి గాలిలో, ఇంత ఎండలో! దాని సంకల్పబలానికి ఆశ్చర్యపడ్డాను.

ఫిబ్రవరి 4

ఆసుపత్రిలో తూకం వేశారు. డాక్టరమ్మ ముఖం చిట్లించింది.

"సిగ్రిడ్ గారూ, నీళ్ళు తాగుతున్నారా?"

"తాగుతున్నానండీ."

డాక్టరమ్మ నా వైపు చూసింది. "తాగుతోంది," అన్నాను. పొద్దున కూజా నిండా నింపి ఆమె కుర్చీ పక్కన పెడతాను. సాయంత్రానికి ఖాళీ అవుతుంది. నేను చూసినది అదే. చూసినదే చెప్పాను.

"బరువు ఇంకా తగ్గితే ఆపాల్సొస్తుంది," అంది డాక్టరమ్మ. "భయపెట్టడానికి అనటంలేదు."

దారిలో సిగ్రిడ్ పెదవులు పగిలి ఉండడం గమనించాను. ఎడారి గాలి. మందులషాపులో పెదవులకు రాసుకొనే మైనం కొనిచ్చాను.

ఫిబ్రవరి 7

లావెర్న్ బార్లీ సూపు తెచ్చింది. "ఉప్పు తగ్గించా తల్లీ, నీ కోసం. వేడిగా ఉన్నప్పుడే తాగు." సిగ్రిడ్ గిన్నె రెండు చేతులా పట్టుకొని ఆవిరి పీల్చింది. నేను బండి వెనుక కట్టి తెచ్చుకొన్న కారు తుడవడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి గిన్నె ఖాళీ. మెట్టు పక్కన పొద కింద నేల తడిగా, కొన్ని బార్లీ గింజలు. పిట్టలకు వేసినట్లుంది.

జెరేనియం విరగబూసింది. ఎర్రగా, కళ్ళు చెదిరేటట్లు.

మరుగుదొడ్డి చక్కగా ఉంది.

ఫిబ్రవరి 10

సిగ్రిడ్ మెట్టు మీద పడిపోయింది. నేను లోపల చదువుకొంటున్నాను. లావెర్న్ కేక విని బయటికి వచ్చాను. సిగ్రిడ్ చేతిలో నీళ్ళగ్లాసు అలాగే ఉంది. నీళ్ళు కుండీలోకి ఒలికి ఉన్నాయి.

ఆసుపత్రిలో చేర్చుకొన్నారు. ఒంట్లో నీరు లేదన్నారు. మూత్రపిండాలు దెబ్బ తిన్నాయన్నారు. మందు ఆపారు.

సాయంత్రం తెలివి వచ్చింది. చేతికి సెలైను గొట్టం. చివరికి అడిగాను.

"నీళ్ళన్నీ దానికే పోశావా?"

"పాపం, అదీ ఎండిపోతోందిగా," అంది.

"సిగ్రిడ్."

ఆమె గోడ వైపు చూస్తూ చెప్పింది. "తాగితే వెళ్ళాలి. వెళ్తే పూడుతుంది. పూడితే నువ్వు ఆ కర్ర పట్టుకుని కూర్చుంటావు. తువ్వాలు అడ్డం పెట్టుకున్నా వినపడుతుంది ఆర్విడ్, అట్ట గోడలవి. లేదంటే మళ్ళీ ఆ దారంట నడవాలి, వాళ్ళందరి ముందూ. అందుకని తాగటం మానేస్తే పోతుందనుకున్నా. కొన్నాళ్ళేగా అనుకున్నా."

"నాతో చెప్పవలసింది."

"చెప్తే ఏం చేసేవాడివి? కాగితం తగ్గించమనేవాడివి."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 11

ఉదయం లావెర్న్ బండి తలుపు తట్టాను.

"వాల్వు తెరిచే ఉంది," అన్నాను. "మొదటి నుంచీ."

"తెలుసు."

"ఎట్లా తెలుసు?"

"రోజంతా గొట్టంలో నీళ్ళు జారే చప్పుడు వినిపిస్తుంటే తెలీదూ? నాకు చెవులు పోలేదు, పంతులూ."

"మరి మళ్ళీ ఎందుకు చెప్పలేదు?"

"ఒకసారి చెప్పా. కృతజ్ఞుణ్ణన్నావు." కాఫీ కప్పు దించి నా ముఖం చూసింది. "సిగ్రిడ్ ఎలా ఉంది?"

చెప్పాను. నీళ్ళ సంగతీ, సూపు సంగతీ, జెరేనియం సంగతీ. ఆమె కుర్చీలో కూలబడింది. ఆ గొంతు అంత చిన్నగా పలకగలదని నేనెరుగను. "నా సూపు కూడానా," అంది. తరువాత లేచి కోటు తగిలించుకొంది. "పద. తొడుగులున్నాయా? లేకపోతే నావి తీసుకో. చూస్తూ నిలబడతా గాని, చెయ్యి మాత్రం నువ్వే పెట్టాలి."

వాల్వు మూశాను. వేడినీళ్ళు, అంట్లు తోమే సబ్బు, బకెట్ తరువాత బకెట్ పోశాను. తొట్టి అంచుదాకా నిండి, కమోడ్ అడుగున నీరు మెరిసేవరకు పోశాను. ఒక్క నెలలో నేను పొదుపు చేసిన నీళ్ళన్నీ ఆ ఒక్క పూటలో పోశానేమో.

"ఇప్పుడు వదిలెయ్. రేపటిదాకా నానాలి," అంది లావెర్న్.

ఫిబ్రవరి 12

గొట్టం మొదట్లో గాజులా పారదర్శకంగా ఉండే ముక్క ఒకటి ఉంటుంది. దాని ముందు మోకాళ్ళ మీద కూర్చొని వాల్వు లాగాను. నల్లటి నీరు సన్నగా కారి ఆగిపోయింది. కొండ కదలలేదు.

మూశాను. మళ్ళీ నింపాను. పైనుంచి ముక్కలు చేశాను. ఈసారి లేచి కిటికీ దగ్గరికి పోలేదు. డోకు వచ్చింది, రానిచ్చాను, పని ఆపలేదు. రెండోసారి లాగితే కొంత కదిలింది. సాయంకాలం మూడోసారి లాగినప్పుడు గొట్టం బరువుగా ఒక్కసారి ఎగిరిపడింది. తరువాత చాలాసేపు పోతూనే ఉంది. చివర తేటనీరు.

"అదీ," అంది లావెర్న్. వరుసలో ఎవరో కిందికి వంగి చూస్తున్నారు. చూడనిచ్చాను.

ఎడారి విడిదికి ఆ పార ఎందుకు విధించారో ఇన్నేళ్ళు చెప్పినవాడు దాన్ని ఒక్కసారీ పట్టుకోలేదు. దేవుడు నడిచే చోట శుభ్రత అంటే కళ్ళు తిప్పుకోవడం అనుకొన్నాను. వంగడం అది.

ఫిబ్రవరి 14

ఆసుపత్రి. ఆమె నిద్రపోతున్నది.

ఫిబ్రవరి 20

డాక్టరమ్మ మమ్మల్ని చిన్న గదిలో కూర్చోబెట్టింది. మందు మళ్ళీ మొదలుపెట్టడం కుదరదంది. శరీరం తట్టుకోదు. వేరే మందు లేదు.

సిగ్రిడ్ తల ఊపింది. డకోటాలో వాన రాదని రేడియోలో చెప్పినప్పుడు మా అమ్మ అలాగే ఊపేది.

ఆమెను గదికి తీసుకొని వెళ్ళాక నేను వెనుకకు వచ్చాను. "ఆమె ఆ రెండు వారాలు సరిగా నీళ్ళు తాగి ఉంటే?" అని అడిగాను.

డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టింది. "అదొక్కటే కారణమనలేను," అంది. "కాదనీ అనలేను. మిమ్మల్ని ఓదార్చడానికి అబద్ధం చెప్పమంటారా?"

"వద్దు," అన్నాను.

కారులో కూర్చొన్నాను. ఎంతసేపో తెలియదు.

ఫిబ్రవరి 23

సిగ్రిడ్ బండికే వస్తానంటున్నది. "ఆ కొండలు చూస్తూ పడుకోవాలనుంది. అది చక్కగా ఉందా?" అని అడిగింది. జెరేనియం గురించి అనుకొని, బాగా పూసిందన్నాను.

"అది కాదు. నీ మరుగుదొడ్డి."

చక్కగా ఉందన్నాను. వాల్వు మూసి ఉందన్నాను. మూడు రోజులకొకసారి తొడుగులు వేసుకొని వదులుతున్నానన్నాను.

"నువ్వా?" అని చాలాసేపు నా చేతుల వైపు చూసింది.

ఫిబ్రవరి 26

వచ్చింది. లావెర్న్ మంచం మీద కొత్త దుప్పటి పరచి పెట్టింది. "తల్లీ, ఈసారి సూపు నీ ఎదురుగా కూర్చుని తాగిస్తా, తప్పించుకోలేవు."

"ఎలాగూ పొదకి నీ వంట నచ్చలేదు లావెర్న్," అంది సిగ్రిడ్. "ఆకులు రాల్చేసింది."

లావెర్న్ ఫక్కున నవ్వి, వెంటనే బయటికి వెళ్ళిపోయింది. వెనుక వైపు నిలబడి ఉండడం కిటికీలోంచి కనబడింది.

మార్చి 3

బలం తగ్గుతున్నది. పగలు ఎక్కువగా నిద్ర. మెలకువలో నీళ్ళు అడుగుతుంది. ఇస్తాను. కొంచెమే తాగుతుంది గాని, తాగుతుంది. నేను ఎదురుగా కూర్చొని చూస్తాను. చూసినదే రాస్తున్నాను.

మార్చి 8

ఈ ఉదయం సొంతంగా లేవాలని పట్టుబట్టింది. నడుము పట్టుకొని తలుపుదాకా తీసుకొని వెళ్ళాను. నన్ను బయటే ఉండమంది. అట్ట గోడకు ఆనుకొని నిలబడ్డాను.

పెడల్ చప్పుడు. నీళ్ళు పడి, వెంటనే ఆగిపోయాయి. ఇన్నేళ్ళ అలవాటు.

"ఆర్విడ్," అని పిలిచింది. "ఎంతసేపు తొక్కాలి?"

"నీ ఇష్టం వచ్చినంతసేపు."

"ఎప్పుడు ఆపమంటావు?"

"నేననను," అన్నాను.

తరువాత మళ్ళీ తొక్కింది. నీళ్ళు పడుతూనే ఉన్నాయి. తొట్టి సగం నిండి ఉంటుంది, మధ్యాహ్నం వదలాలి. నీళ్ళు ఇంకా పడుతున్నాయి. నేను గోడకు చెవి ఆన్చి నిలబడి ఉన్నాను.

బయటికి వచ్చి గ్లాసు నీళ్ళు అడిగింది. సగానికి పైగా తాగి, నా చేతికిచ్చింది.

మెట్టు పక్కన జెరేనియం తల వేలవేసింది. కింది ఆకులు పసుపెక్కాయి.